కంప్యూటర్ ఒప్పుకుంది

యానాంలో కంప్యూటర్ సెంటర్ నడిపిన రోజుల్లో నాకు ఒళ్ళు మండించిన మాట ఒకటుంది: "కంప్యూటర్ ఒప్పుకుంది కదండీ." ఒప్పుకోవడానికి అదేమైనా పెళ్ళికూతురా? గడిలో అంకె వేస్తే అంకె తీసుకుంటుంది. అంకె బదులు పేరు కొడితే కాదంటుంది. వేసిన అంకె నిజమా అబద్ధమా అన్నది దానికి పట్టదు. ఈ సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఎవరి చెవికీ ఎక్కలేదు.

మా సెంటరంటే ఒకటే గది. ఒక జెరాక్సు మిషను, రెండు కంప్యూటర్లు, కరెంటు ఉన్నప్పుడు మాత్రమే తిరిగే ఫ్యాను. టైపింగులు, దరఖాస్తులు, శుభలేఖలు చేసేదాన్ని. జూలై నెలాఖరు గడువు దగ్గరపడుతుంటే మాత్రం గవర్నమెంటు ఉద్యోగస్తులు, అందులోనూ టీచర్లు, ఆదాయపు పన్ను రిటర్నుల కోసం వచ్చి పడేవారు. అందుకని పన్ను లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి సీడీలో కొని పెట్టుకున్నాను. మామూలు జీతగాళ్ళ రిటర్ను వంట చేసుకుంటూ కూడా నింపేయొచ్చు. చిక్కంతా మామూలుగా ఎవరూ ముట్టని గడుల దగ్గరే వచ్చేది.

కొత్త వేతన సంఘం బకాయిలు వచ్చిన ఏడాది ఆ గడులు నాకు బాగా అలవాటయ్యాయి. ఏళ్ళనాటి బకాయి ఒక్కసారిగా చేతికొస్తే పన్ను కూడా ఒక్కసారిగా నెత్తిన పడుతుంది. దానికొక ఊరట ఉంది. ఏ ఏడాది డబ్బు ఆ ఏడాదిలోనే వచ్చి ఉంటే ఎంత పన్ను పడేదో విడివిడిగా లెక్క కట్టి, తేడా వస్తే ఆ మేరకు తగ్గించుకోవచ్చు. పాత జీతం కాగితాలు తెమ్మని అందర్నీ తిట్టి, తెప్పించి, ఒక్కో ఏడాదీ కూర్చుని నింపాను. నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా వచ్చేవారు, తప్పు రాయనని కూడా తెలుసు గనక.

ఆ ఏడాదే మా అన్నయ్య చేత ఇంకో గడి నింపించాలని పట్టుబట్టాను.

అన్నయ్య హైస్కూల్లో టీచరు. వదిన పోయాక తన కూతురితో మా ఇంటికే, యానాం పక్కనే అడవిపొలంలో అమ్మా నేనూ ఉండే ఇంటికే వచ్చేశాడు. పిల్లకి పుట్టుకతోనే వినపడదు. చెవికి మిషను పెట్టినా ఉపయోగం లేదని డాక్టర్లు తేల్చేశారు. దాన్ని పిలవడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నడవలో పొడుగాటి టేకు బల్ల ఉంది. తిండీ, చదువూ, కూరలు తరుక్కోవడం అన్నీ దాని మీదే. పిల్ల ఎప్పుడూ ఆ బల్ల దగ్గర కూర్చుని బొమ్మలు వేసుకునేది. మనం ఈ చివర అరచేత్తో చరిస్తే ఆ అదురు దాని మోచేతులకి తగిలి తలెత్తి చూసేది. చూసి నవ్వేది. బల్ల చరవడమే దాని పేరు. అమ్మ చరిస్తే అన్నానికనీ, నేను చరిస్తే జడ వెయ్యడానికనీ, వాళ్ళ నాన్న చరిస్తే ఊరికేననీ దానికి తెలిసిపోయేది.

వికలాంగుల్ని పోషించేవాళ్ళకి పన్నులో మినహాయింపు ఉందని ఎన్నాళ్ళుగానో అన్నయ్యకి చెబుతున్నాను. చెవిన పెట్టేవాడు కాదు.

"దాని లోటు చూపించి గవర్నమెంటు దగ్గర తగ్గింపు అడగమంటావేంటే?" అనేవాడు.

"తగ్గింపు కాదన్నయ్యా, నీకు రావలసిందే. దాన్ని పై ఊళ్ళో బళ్ళో వేస్తావు గదా, ఆ ఖర్చులకుంటుంది."

చెవిటి పిల్లల బడి ఒకటి పై ఊళ్ళో ఉంది. సీటు దొరకడం కష్టం. పిల్లకి వినపడదని పెద్దాసుపత్రి బోర్డు వాళ్ళిచ్చిన సర్టిఫికెట్టు పెడితే, వచ్చే జూన్‌కి సీటిస్తామన్నారు. ఎన్నిసార్లు తిరిగితే ఆ సర్టిఫికెట్టు వచ్చిందో అన్నయ్యకే తెలుసు. దాన్ని బైబిల్లో పెట్టి దాచాడు. అదే సర్టిఫికెట్టు మీద పన్ను మినహాయింపు కూడా అడగొచ్చని ఒప్పించాను. ఒప్పుకున్నాడు గానీ, ఆ గడిలో అంకె కొడుతున్నప్పుడు తల పక్కకి తిప్పుకున్నాడు.

రిటర్నులు వేసిపెడతానంటూ ఒకతను ఊళ్ళోకి వచ్చింది ఆ వారంలోనే. తెల్ల చొక్కా, మెత్తటి మాట. కాకినాడ వైపు నుంచి వచ్చాడని అన్నారు. అంతకు ముందు ఏడాది అన్నయ్య వాళ్ళ స్కూల్లో డ్రాయింగ్ మేడంకి రిటర్ను వేసిపెట్టాడట. ఆవిడకి పన్ను వాపసు చెక్కు వచ్చింది. ఆ చెక్కుని స్టాఫ్ రూములో అందరూ చేతులు మార్చుకుని మరీ చూశారట.

నా షాపుకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అన్నయ్య కూడా అక్కడే ఉన్నాడు.

"మీ యానాం వాళ్ళకి ఫ్రెంచి రిబేటు ఉందని ఎవరూ చెప్పలేదాండీ?" అన్నాడు.

మా ఊరి వాళ్ళ బలహీనత అతనికి అణువణువూ తెలుసు. చుట్టూ ఆంధ్రా, మధ్యలో మేము. మా పోలీసుల టోపీ వేరు, మా పెట్రోలు ధర వేరు, మా జెండా పండగలు కూడా ఒకటి ఎక్కువ. కాబట్టి లోకంలో ఏ రూలైనా మాకు కాస్త వేరుగా ఉంటుందని మాలో ప్రతివాడికీ లోలోపల నమ్మకం. ఫ్రెంచి వాళ్ళు వెళ్ళిపోతూ మాకోసం ఏదో ఒకటి రాసి వెళ్ళుంటారని, అది ఏదో ఆఫీసులో మూలపడి ఉంటుందని నేను కూడా చిన్నప్పుడు అనుకున్నదాన్నే. ఈ మోసం పక్కనున్న ఏ ఊళ్ళోనూ నడవదు. మా దగ్గరే నడుస్తుంది.

"రెండు దేశాలకీ ఒప్పందం ఉందండి," అన్నాడు. "ఇదిగో, ఈ సాఫ్ట్‌వేర్లోనే గడి కూడా ఉంది. మీ తాతగార్ల ఫ్రెంచి కాలం నాటి పుట్టుక పత్రం ఉంటే చాలండి. ముందు నాకొక్క పైసా వద్దు. చెక్కు వచ్చాక అందులో నా వంతు ఇద్దురు గాని."

అతను చెయ్యి చాపి నా మౌసు పట్టుకుని ఆ గడి చూపించాడు. వేరే దేశంలో కట్టిన పన్నుకి ఇక్కడ తగ్గింపు ఇచ్చే గడి అది. పై దేశాల్లో సంపాదించి అక్కడ పన్ను కట్టినవాళ్ళకి పనికొస్తుంది. అందులో ఏదో అంకె కొట్టాడు. తెర మీద కట్టవలసిన పన్ను పోయి, వాపసు రావలసిన మొత్తం వచ్చింది.

"చూశారా, కంప్యూటరే ఒప్పుకుంది," అన్నాడు.

నేను వెంటనే ఆ అంకె చెరిపేశాను. "రిటర్ను తయారు చేసినవాళ్ళు పేరు రాసి సంతకం పెట్టే చోటు కూడా ఒకటుందండి. అక్కడ మీరు పెడతారా?" అని అడిగాను.

"నాదేముందమ్మా, నేను సాయం చేసేవాణ్ణి."

"పోనీ, వేసిన రిటర్ను కాపీ వాళ్ళకిస్తారా?"

"కాపీలెందుకండీ, అన్నీ నా దగ్గర భద్రంగా ఉంటాయి." నా షాపులో వేసుకోనిస్తే రిటర్నుకింతని నాకూ ముట్టచెబుతానన్నాడు. లేచి బయటికి నడవమన్నాను. నవ్వుతూనే లేచాడు. అతను కోప్పడి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

ఇంటికొచ్చాక చూస్తే అన్నయ్య ట్రంకు పెట్టె తెరిచి కూర్చున్నాడు. తాతయ్య పుట్టుక పత్రం, పసుపు పచ్చగా మారిపోయిన ఫ్రెంచి కాగితం, మోకాలి మీద పెట్టుకుని చూసుకుంటున్నాడు.

"అన్నయ్యా, నువ్వు ఫ్రాన్సులో పన్నెప్పుడు కట్టావు?"

"నేను కట్టకపోతే ఏం, తాతయ్య కట్టాడు గదా. ఆ రోజుల్లో ఇది ఫ్రాన్సే గదే."

వంటింట్లోంచి అమ్మ ఇవతలికొచ్చింది. "ఎవర్రా కట్టింది? మీ తాతయ్యా?" అంది. "పన్ను వసూలుకి మనిషొస్తున్నాడంటే పడవేసుకుని ఏరు దాటి అవతలికి పోయేవోడు. అవతల ఇంగ్లీషోళ్ళ రాజ్యం గదా, వీళ్ళు రాలేరు. అక్కడ వాళ్ళొస్తే మళ్ళీ ఇటొచ్చేసేవోడు. బతికున్నన్నాళ్ళూ ఇద్దరికీ ఒక్క డబ్బు కట్టలేదు మహానుభావుడు."

అన్నయ్య కాసేపు కాగితం వైపు, కాసేపు అమ్మ వైపు చూశాడు. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయాడు. పిల్లకి ఏమీ అర్థం కాకపోయినా మా మొహాలు చూసి అదీ నవ్వింది. ఆ నవ్వుతో పీడ వదిలిందనే అనుకున్నాను.

మర్నాడు అతను షాపుకి మళ్ళీ వచ్చాడు. అన్నయ్యే అతనికి సమాధానం చెప్పాడు. అన్నయ్యకి ఒక అలవాటుంది. కాదు అని చెప్పి ఊరుకోడు, ఎందుకు కాదో పాఠం చెబుతాడు.

"నాకు న్యాయంగా రావలసిందేదో ఉందండి, అది చాలు," అని తెర మీద తన రిటర్ను చూపించాడు. "మా అమ్మాయికి వినపడదు. ఇదిగో, ఈ గడి దానికోసం."

అతను ముందుకి వంగి ఆ గడిని చూశాడు. చాలాసేపు చూశాడు. "దీనికి సర్టిఫికెట్టు జతపరచాలాండీ?" అని అడిగాడు.

"ఇప్పుడు రిటర్నుకి ఏ కాగితాలూ జతపరచనక్కర్లేదండి. ఎప్పుడైనా వాళ్ళు అడిగితే చూపించాలి. అంతే," అన్నాడు అన్నయ్య.

"ఓహో," అన్నాడు అతను. "కంప్యూటర్ ఒప్పుకుంటుందన్నమాట."

అతను అన్నయ్యకి నమస్కారం పెట్టి, నిదానంగా మెట్లు దిగి వెళ్ళాడు. ఇంటికొచ్చేదాకా ఆ నమస్కారమే కళ్ళ ముందు కదిలింది.

తర్వాత ఫరంపేటలో ఒక గది అద్దెకి తీసుకున్నాడని విన్నాం. టీచర్లే కాదు, ఆసుపత్రి స్టాఫు, కరెంటాఫీసు వాళ్ళు కూడా తాతల కాగితాలు సంచుల్లో పెట్టుకుని అక్కడికి వెళ్ళారు. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి వచ్చారు. అన్నయ్య స్టాఫ్ రూములో వద్దని చెబితే, "మేష్టారికి చెల్లెలంటే భయమండి, ఆయ్," అని నవ్వారట. నా షాపుకి జనం పల్చబడ్డారు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ఎప్పుడూ ఆగి పలకరించే ఆడవాళ్ళు నన్ను చూసి చెప్పులు వెతుక్కునేవారు. కొందరికి చెక్కులు వచ్చాయి కూడా. కొత్త స్కూటర్లు, టీవీలు ఇళ్ళకి చేరాయి. ఊరంతా సంతోషంగా ఉంటే నేనొక్కదాన్నే కీడు శంకిస్తున్నానని అమ్మ కూడా విసుక్కుంది.

మళ్ళీ వేసవి వచ్చేసరికి ఫరంపేట గదికి తాళం పడింది. ఆ తర్వాత పోస్టుమాన్ సంచిలోంచి పన్ను ఆఫీసు గోధుమ రంగు కవర్లు దిగడం మొదలైంది.

మొదటిది డ్రాయింగ్ మేడంకే వచ్చింది. నా దగ్గరికి పట్టుకొచ్చింది. నేనే విప్పి చదివాను. వేరే దేశంలో కట్టిన పన్నుకి రుజువు చూపమన్నారు. దాని కిందే ఇంకో వాక్యం ఉంది: మీరు పోషిస్తున్న వికలాంగుల సర్టిఫికెట్టు తెచ్చి చూపమని.

"మీ ఇంట్లో ఎవరున్నారు మేడం, వికలాంగులు?" అని అడిగాను.

"మా ఇంట్లోనా? ఎవరూ లేరండి." ఆవిడ తెల్లబోయి చూసింది. "అతనేం వేసేడో నాకేం తెలుసండీ. కంప్యూటర్ ఒప్పుకుందన్నాడు గదాని..."

అప్పుడు అర్థమైంది నాకు. మా పిల్ల గడిని అతను ఊరంతటికీ పంచిపెట్టాడు. స్కూలు స్టాఫులో అతని దగ్గరికి వెళ్ళిన ప్రతివాళ్ళ రిటర్నులోనూ ఒక చెవిటి పిల్లనో, గుడ్డి తల్లినో పుట్టించాడు.

అన్నయ్యకి కూడా కవరు వచ్చింది. అందరికీ వచ్చినట్టే వచ్చింది.

బడి తెరవడానికి ఇంకా ఎన్నో రోజులు లేవు. ఆ సర్టిఫికెట్టు దొంగదని ఏ ఆఫీసులో ఎవరు రాసినా సరే, పిల్ల సీటు పోతుంది. దాని వెనకే అన్నయ్య ఉద్యోగం మీద విచారణ. అన్నయ్య పన్ను ఆఫీసుకి ఫోను చేసి మాట్లాడి వచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా బల్ల దగ్గర కూర్చుండిపోయాడు.

"సర్టిఫికెట్టు చూపిస్తే సరిపోదంటన్నారే," అన్నాడు. "ఇప్పటికే వచ్చినోళ్ళు కొందరు ఇలాంటివే పట్టుకొచ్చేరంట. ఆ తెల్ల చొక్కా అతనే పోయేముందు అచ్చేయించి ఇచ్చేడంట. అచ్చంగా ఇలాగే ఉన్నాయంట. పిల్లని తీసుకురమ్మన్నారు."

"తీసుకెళ్దాం. దాన్ని చూస్తే వాళ్ళకే తెలుస్తుంది గదా."

బల్ల ఆ చివర పిల్ల బొమ్మ వేసుకుంటోంది. అన్నయ్య అరచేత్తో బల్ల చరిచాడు. పిల్ల ఎప్పటిలాగే తలెత్తి నవ్వింది. అన్నయ్య లేచి దాని దగ్గరికి వెళ్ళి, గడ్డం పట్టుకుని మొహం కాగితం వైపు తిప్పాడు. చూడొద్దన్నట్టు వేలు ఆడించాడు. వచ్చి కూర్చుని మళ్ళీ చరిచాడు. అది మళ్ళీ చూసింది. మళ్ళీ లేచి వెళ్ళాడు.

"ఏం చేస్తున్నావన్నయ్యా? అది నిజంగానే వినపడని పిల్ల గదా."

"నీకూ నాకూ తెలుసు," అన్నాడు. "అక్కడ వాళ్ళు వెనకాల ఏ పుస్తకమో పడేస్తారు. అదురుకి ఇది తల తిప్పిందనుకో. వినపడిందనే గదా రాసుకుంటారు? అదురు తెలిసిందండీ అని నేను చెబితే, ఇప్పుడు మన ఊరోళ్ళ మాట నమ్ముతారేంటే?"

అన్నయ్య మీద కోపం రాలేదు. ఆ తెల్ల చొక్కా మనిషి ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో మాత్రం చెప్పలేను. ఆ వారమంతా ఇంట్లో ఆ చప్పుడే. పిల్ల మొదట్లో ఆటనుకుంది. తర్వాత ఏడ్చింది. ఆఖరికి నేర్చుకుంది.

పన్ను ఆఫీసులో ఆఫీసరు చెడ్డవాడేం కాదు. అలిసిపోయి ఉన్నాడు. మా ముందు మా ఊరివాళ్ళే కొందరు ఏడుస్తూ ఇవతలికి వచ్చారు. అన్నయ్య ఇచ్చిన సర్టిఫికెట్టుని ఆయన వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఒక్క స్కూల్లో ఇంతమందికి ఇంట్లో వికలాంగులున్నారంటే నేనేమనుకోవాలి సార్?" అన్నాడు.

"ఎవరి సంగతో నాకు తెలీదండి. ఇది నా కూతురు," అన్నాడు అన్నయ్య.

పిల్లకి కాగితం, పెన్సిలు ఇచ్చి పక్కనున్న బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అది తల వంచుకుని పడవ బొమ్మ మొదలుపెట్టింది. ఆయన మాతో మాట్లాడుతూనే లేచి, మామూలుగా నడుస్తున్నట్టు దాని వెనక్కి వెళ్ళి, లావుపాటి రూల్సు పుస్తకాన్ని ఎత్తి ఆ బల్ల మీద వదిలేశాడు. నేను కుర్చీలోంచి ఎగిరిపడ్డాను. గుమ్మంలో ఉన్న ప్యూను లోపలికి తొంగి చూశాడు. బల్ల అదరడం నా కళ్ళతో చూశాను. పిల్ల చేతిలో పెన్సిలు ఆగలేదు. తెరచాప గీత వంకర కూడా పోలేదు.

ఆయన కాసేపు దాని జడల వంక చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వచ్చి కూర్చుని ఫైలు మీద ఏదో రాశాడు. "క్షమించండి మేష్టారూ," అన్నాడు. "మీది నిజమే. ఒప్పుకుంటున్నాను."

బస్సులో పిల్ల కిటికీ పక్కన కూర్చుని తను వేసిన పడవని మడిచి పట్టుకుంది. సీటు నిలిచింది, ఉద్యోగం నిలిచింది, దేవుడికి ఎన్ని దండాలు పెట్టుకోవాలో అని అమ్మ గుమ్మంలోనే ఏడ్చేసింది. ఏడుస్తూనే అన్నం వండింది. చేపల పులుసు చేసింది, పిల్లకి ఇష్టమని.

పిల్ల బల్ల చివర, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని, పెన్సిలు పట్టుకుంది. అమ్మ కంచం పెట్టి, ఈ చివర నిలబడి బల్ల చరిచింది. పిల్ల తలెత్తలేదు. అమ్మ ఇంకొంచెం గట్టిగా చరిచింది. గిన్నెలో గరిటె గలగలమంది. పిల్ల పెన్సిలు కాగితం మీద కదులుతూనే ఉంది.

అన్నయ్య లేచి దాని దగ్గరికి వెళ్ళలేకపోయాడు. నేనే వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. అది నా వైపు తిరిగి, సరిగ్గా చేశానా అన్నట్టు వాళ్ళ నాన్న వైపు చూసింది.